“ఇంతకీ మంచివాళ్లు ఎవరు?”కు నా సమాధానం

టీచరు గారూ, అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు బానిస బాలిక నవల చదివిస్తుంటే, “ఇంతకీ మంచివాళ్లు ఎవరు, బ్రిటిష్‌వాళ్లా, తిరుగుబాటుదారులా (అంటే బ్రిటిష్ పాలనను ఎదిరించిన అమెరికా వలసవాసులా)?” అని పిల్లలు పట్టుబడుతున్నారని రాశారు. దానికి మీరు జవాబు చెప్పకండి. ఆనాటి పత్రాలను వాళ్ల ముందు పెట్టండి.

మొదట 1775 నవంబరు నాటి డన్మోర్ ప్రకటన. తిరుగుబాటుదారుల బానిసలకు మాత్రమే, అదీ ఆయుధం పట్టి బ్రిటిష్ సైన్యంలో చేరితేనే, స్వేచ్ఛ ఇస్తానన్నాడు వర్జీనియాలోని ఆ బ్రిటిష్ గవర్నరు. మరి బ్రిటిష్ రాజు పక్షాన నిలిచిన రాజభక్తుల బానిసల సంగతి? ఈ ప్రశ్న పిల్లలే అడుగుతారు, తొందరపడకండి. తర్వాత 1776 స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతి. బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, దాన్ని రాసిన నాయకుడు జెఫర్సన్ పెట్టిన భాగాన్ని కాంగ్రెస్ (అమెరికా వలసల ప్రతినిధుల సభ) తీసేసింది. రాసిన ఆయన కూడా బానిసల యజమానే. ఇక్కడ ఒక పీరియడ్ పూర్తిగా పోయినా ఫరవాలేదు.

చివర్లో, 1783లో యుద్ధం ముగిసే వేళ న్యూయార్క్ నుంచి బ్రిటిష్‌వాళ్లతో పాటు ఓడల్లో వెళ్లిన సుమారు 3,000 మంది నల్లజాతివారి పట్టిక చూపండి. పేరు, వయసు, పూర్వ యజమాని వివరాలు అందులో ఉంటాయి. ఒక్క అమ్మాయిని ఎంచుకుని, నవలా నాయికతో పోల్చి రాయమనండి. కల్పన ఎక్కడ మొదలవుతుందో వాళ్లకే కనిపిస్తుంది.

తరగతిలో బానిసల పాత్రలు మాత్రం నటింపజేయకండి. అది పిల్లల మనసులను గాయపరుస్తుంది.