మెంటర్ మేడమ్ దగ్గరికి ఏం పట్టుకుని వెళ్లాలి?

చెల్లీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు కర్నూలులో మహిళా కాలేజీలో ఇంగ్లీషు మీడియం బీఎస్సీ. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. మెంటర్ అని ఒక మేడమ్‌ని ఇచ్చారు, ఆమెతో ఏం మాట్లాడాలో తెలియడం లేదు. ఇంట్లోనేమో "ఇంక చాల్లే చదువు" అంటున్నారు. ఇదే కదా నీ బాధ.

నేనూ కర్నూలులోనే, మహిళా కాలేజీలోనే చదివాను. 2015లో చేరాను. డిగ్రీలో సెమిస్టర్ పద్ధతి మొదలైన ఏడాది అది. అప్పటిదాకా ఏడాదికోసారి పరీక్ష రాసిన సీనియర్లు కూడా మాకు ఏమీ చెప్పలేకపోయేవాళ్లు. మెంటర్ మేడమ్ నెలకోసారి రిజిస్టర్ తెచ్చేవారు. పేరు, రోల్ నంబరు, హాజరు, మార్కులు, చివర్న "సమస్యలు" అని ఒక గడి. ముందు బెంచీ అమ్మాయి "లేవు" అని రాస్తే, వెనకున్న వాళ్లందరం చూసి అదే రాసేవాళ్లం. నేను మూడు నెలలు అలాగే రాశాను.

మాది కోసిగి దగ్గర పల్లె. మా వైపు సుగ్గి, అంటే పనుల కోసం వలస పోవడం గురించి నీకు చెప్పక్కర్లేదు. సంక్రాంతి కాగానే అమ్మానాన్నలు మిరపకాయల కోతకు గుంటూరు వైపు వెళ్లిపోతారు, ఉగాది దగ్గర పడ్డాక తిరిగొస్తారు. ఆ ఏడాది ఆరో తరగతి చదివే తమ్ముణ్ని చూసుకోవడానికి నేను హాస్టల్ వదిలి ఊళ్లో ఉండిపోయాను. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఇంటి సంగతులు కాలేజీలో చెప్పుకోవడం నామోషీ అనిపించింది. మిడ్ పరీక్ష రాయడానికి వచ్చిన రోజే రిజిస్టర్ కూడా వచ్చింది. నాలుగోసారి కూడా "లేవు" అని రాయబోయాను. మేడమ్ నా హాజరు గడి మీద వేలు పెట్టి, "ఇది ఏంటమ్మా మరి?" అన్నారు. అక్కడే ఏడ్చేశాను.

ఆమె ముందు ఓదార్చలేదు. కాగితం తీసి లెక్క వేశారు. సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుంటే, 75 శాతం హాజరు అంటే 68 రోజులు రావాలి. అంటే 22 రోజులకు మించి మానకూడదు. నేను అప్పటికే 17 మానాను. "నీ చేతిలో ఇంకా అయిదు రోజులున్నాయి" అన్నారు. అప్పటిదాకా అంతా అయిపోయిందనుకున్నాను. అయిదు అనే అంకె వినేసరికి ఊపిరి వచ్చింది. హాజరు తగ్గితే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఆగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం పని దిగే వేళకు ఆమే మా అమ్మకు ఫోన్ చేశారు. "పిల్లోణ్ని యాడ పెట్టాల మేడమ్? ఎవురికి అప్పజెప్పాల?" అంది అమ్మ. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద మా మండలాల్లో సీజనల్ హాస్టళ్లు నడిచేవి. మా బడిలోనూ ఉంది, కానీ రాత్రుళ్లు వాడు ఉండలేడని అమ్మ భయం. మేడమ్ బడి హెడ్మాస్టర్‌తో మాట్లాడి, మళ్లీ అమ్మతో మాట్లాడారు. చివరికి ప్రతి శనివారం నేను ఊరికి వచ్చేటట్టయితేనే అని అమ్మ ఒప్పుకుంది. నా డిగ్రీ నిలబడింది తమ్ముడికి పడుకునే చోటు దొరికినందువల్ల. ఆ గడిలో రాయాల్సింది ఇలాంటివే అని నాకప్పుడు అర్థమైంది. చదువుకు సంబంధం లేదనుకుని మనం దాచుకునేవే చదువును ఆపేస్తాయి.

ఇక నీ రెండు సబ్జెక్టుల సంగతి. మేడమ్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకు. "నాకేమీ అర్థం కావడం లేదు మేడమ్" అంటే ఆమె "బాగా చదువుకో అమ్మా" అనడం తప్ప ఏం చేయగలరు? పోయిన సబ్జెక్టు మిడ్ పేపర్ పట్టుకెళ్లు. మార్కు ఎక్కడ పోయిందో చూపించి, ఆ ఒక్క జవాబు గురించి అడుగు. నా కెమిస్ట్రీ పేపర్ అలా చూపిస్తేనే బయటపడింది, తేడాలు రాయమన్న చోట నేను రెండింటి గురించీ విడివిడిగా రెండు పేజీలు రాశాను. విషయం తెలుసు, ప్రశ్న అడిగింది వేరు. ఇంగ్లీషు మీడియంలో ఈ తప్పు ఇంకా ఎక్కువ జరుగుతుంది. డిఫైన్, డెరైవ్, ఎక్స్‌ప్లెయిన్, డిస్టింగ్విష్ లాంటి ప్రశ్న మాటలు ఒక పేజీలో రాసుకుని, ఒక్కోదానికి జవాబు ఎలా ఉండాలో సబ్జెక్టు మేడమ్‌తో చెప్పించుకో. పాఠం ముందు తెలుగులో అర్థం చేసుకో, అందులో సిగ్గేమీ లేదు. రాసేటప్పుడు చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చాలు.

పేపర్ మళ్లీ దిద్దించుకునే రీవాల్యుయేషన్ గడువు, పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లీ పరీక్ష ఫీజు ఆఖరు తేదీ కూడా ఆమెనే అడిగి రాసుకో. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడటానికి భయమైతే మేడమ్ చేత ఒక మాట చెప్పించుకో.

అందరు మెంటర్లూ మా మేడమ్‌లా ఉంటారని చెప్పను. నా స్నేహితురాలు ఇంట్లో గొడవ సంగతి చెప్పుకుంటే వాళ్ల మెంటర్ క్లాసులో అందరి ముందూ ఎత్తారు. ఆ పిల్ల మళ్లీ నోరు విప్పలేదు. నాకు ఇప్పటికీ ఆ కోపం పోలేదు. అందుకే ఇంటి విషయాలు చెప్పేముందు "ఇది రిజిస్టర్‌లో రాయకండి మేడమ్" అని అడిగెయ్, తప్పేం లేదు. నీ మెంటర్ దగ్గర కుదరకపోతే నీకు నచ్చిన ఇంకో లెక్చరర్ దగ్గరికి వెళ్లు, డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్ఓడీ) ఉన్నారు, ప్రిన్సిపల్ ఉన్నారు. ఎవరైనా లైంగికంగా వేధిస్తే దానికి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని యూజీసీ నిబంధన ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టనంత టెన్షన్ అయితే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంట్లోవాళ్ల మాటకొస్తే, నువ్వొక్కదానివే వాదించకు. అమ్మను ఒకసారి కాలేజీకి తీసుకురా. ఇప్పుడు పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు కాబట్టి ఛార్జీల అడ్డం కూడా లేదు. నీ క్లాసు, ల్యాబ్, నీ సీటు చూపించు. మేడమ్ పక్కన కూర్చోబెట్టు. "రెండు పోయాయి, మిగిలినవన్నీ పాసైంది" అని మేడమ్ నోటితో వింటే అమ్మకు వేరుగా ఉంటుంది. మా అమ్మ వచ్చిన రోజు మేడమ్ తన టిఫిన్ బాక్సు తీసి ఆమెకు సగం పెట్టారు. అమ్మ ఊరికి వెళ్లాక నాన్నతో ముందు చెప్పింది ఆ అన్నం సంగతే. నా మార్కుల సంగతి తర్వాత చెప్పింది.

రేపు వెళ్లేటప్పుడు మిడ్ పేపర్, హాజరు ఎన్ని రోజులో రాసిన చీటీ, అమ్మ ఫోన్ నంబరు, ఈ మూడూ నోట్‌బుక్‌లో పెట్టుకుని వెళ్లు. మాట పెగలకపోతే చీటీ ఆమె ముందు పెట్టు. వెళ్లొచ్చాక ఏమన్నారో ఇక్కడ రాయి, నేను చూస్తుంటాను.