మీ తమ్ముడి విషయంలో ఎవరి మాట నమ్మవచ్చు

అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్న మీ తమ్ముడికి కొంతకాలంగా నిద్ర పట్టడం లేదనీ, వీడియోలు చూసి తనకు ఫలానా జబ్బని తానే తేల్చుకున్నాడనీ, ఆన్‌లైన్‌లో ఒక కౌన్సెలర్ ముందే డబ్బు కట్టమంటున్నారనీ రాశారు. ఆ డబ్బు ఇప్పుడే కట్టవద్దని నా మనవి.

ముందుగా 14416కు ఫోన్ చేయించండి. ఫోన్‌లోనే మానసిక ఆరోగ్య సలహా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ టెలి మానస్ సేవ ఉచితం, రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. అతడు వెనకాడితే మీరే చేసి సలహా అడగండి.

ఇక ఆ కౌన్సెలర్ సంగతి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునేవారు భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, నమోదై ఉండాలి కనుక, నమోదు సంఖ్య అడిగి తీసుకుని, ఆ సంస్థ వెబ్‌సైటులో అదే పేరు, అదే అర్హత కనిపిస్తున్నాయో లేదో సరిచూడండి. సంఖ్య అడగగానే మాట దాటవేసేవారిని నమ్మకండి. మందులు రాయవలసింది వైద్యుడైన సైకియాట్రిస్టే.

చదివి తెలుసుకోవడానికి బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్, ప్రపంచ ఆరోగ్య సంస్థ వెబ్‌సైట్లు మేలు. మరెక్కడ చదివినా, రాసినవారి అర్హత ఏమిటో, చివర ఏదైనా కోర్సు అమ్ముతున్నారేమో గమనించండి.

నేరుగా చూపించాలంటే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషను. ఆ పేరును మన ఊళ్లో ఎగతాళికి వాడడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. దానికి వెరచి వైద్యం మానకండి. వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది.

చనిపోవాలన్న మాట అతని నోట వస్తే మాత్రం ఒంటరిగా వదలక, వెంటనే దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.