వెనీర్ వేసిన వార్డ్‌రోబ్ షట్టర్లు వంగిపోతున్నాయి, ఏం చేయాలి?

మీరు రాసింది ఇదీ: ఏడడుగుల షట్టర్లు, అంటే అల్మారా తలుపులు, నాలుగు. కర్ర ఫ్రేమ్, మధ్యలో ఖాళీ, రెండు వైపులా 4 ఎంఎం ప్లై. బయట నిలువు గ్రెయిన్‌తో (కర్ర నార నిలువుగా వచ్చేలా) టేకు వెనీర్, అంటే పల్చటి టేకు పొర; లోపల సన్‌మైకా లాంటి 0.8 ఎంఎం తెల్ల లామినేట్. నెల తిరక్కుండానే మూడు వంగాయి. కార్పెంటరేమో ప్లై నాసిరకం అంటున్నాడు, ప్లై షాపాయనేమో పనితనం బాగోలేదంటున్నాడు.

ప్లై మీద అప్పుడే నింద వేయకండి. మీలాంటి షట్టర్లే చేసి నేనూ చేతులు కాల్చుకున్నాను. కాకినాడలో మాది చిన్న వర్క్‌షాప్. ఒక వానాకాలంలో హైదరాబాద్‌లోని ఓ ఫ్లాట్‌కి ఆరు షట్టర్లు చేసి పంపాం. హింజ్‌ల మీద బరువు పడకూడదని లోపల ఖాళీగానే ఉంచాం. లోపలివైపు చూసేది బట్టలే కదా అని వెనీర్ బయట మాత్రమే వేసి, వెనక ఒక కోటు పెయింటు కొట్టి సరిపెట్టాను. మా దగ్గర ఉన్నన్నాళ్లూ అద్దంలా ఉన్నాయి. ఏసీ బెడ్‌రూమ్‌లో బిగించిన మూడు వారాలకి ఆ ఇంటావిడ ఫోన్ చేసి, "మీ తలుపులు నవ్వుతున్నాయండీ" అన్నారు. వెళ్లి చూస్తే నిజమే. ప్రతి షట్టరూ వెనీర్ వైపుకి దొప్పలా తిరిగి ఉంది.

అరమిల్లీమీటరు వెనీర్ అంత పెద్ద తలుపుని ఎలా వంచుతుందని అప్పట్లో నాకూ అనుమానమే. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో నీళ్లుంటాయి. జిగురు మీద పరవగానే వెనీర్ ఆ నీళ్లు పీల్చి అడ్డంగా సాగుతుంది. సాగి ఉండగానే ప్రెస్‌లో (ఒత్తిపెట్టే మెషీన్‌లో) అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఆరుతూ కుంచించుకుంటుంది, కుంచించుకుంటూ కింద ఉన్న ప్లైని కూడా లాగుతుంది. పొడవునా మాత్రం కర్ర దాదాపు కదలదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి అడ్డంగా నూటికి అయిదారు వంతుల దాకా తగ్గొచ్చు, నిలువునా అయితే అర వంతు కూడా తగ్గదు. అదే 19 ఎంఎం బ్లాక్‌బోర్డ్ (లోపలంతా కర్ర ముక్కలు పేర్చి అతికిన పలక) అయితే ఆ లాగుడికి కొంత ఎదురు నిలుస్తుంది. మన ఖాళీ షట్టర్‌లో ఫ్రేమ్ అడ్డ పట్టీకీ పట్టీకీ మధ్య ఉన్నది 4 ఎంఎం ప్లై ఒక్కటే. దానికి తోడు కోస్తా వానాకాలపు తేమలో చేసిన సరుకు పొడి ఏసీ గదిలోకి వెళ్తే ఇక చెప్పేదేముంది.

అందుకే ముందు మీ షట్టర్ ఏ దిక్కున వంగిందో చూడండి. జబ్బు అక్కడే తెలిసిపోతుంది. అడ్డంగా దొప్పలా తిరిగితే ఎక్కువసార్లు కారణం ముందూ వెనకా వేరు వేరు సరుకు వేయడమే. నిలువునా విల్లులా వంగితే నిలువు కర్రలని అనుమానించండి, పచ్చివో, ముందే వంకరున్నవో వాడి ఉంటారు. ఒక మూల మాత్రమే లేచి మెలి తిరిగితే తప్పు వెనీర్‌ది కాదు, ఫ్రేమ్ బిగించిన బల్లది. రెండు వైపులా ప్లై అతికాక ఖాళీ షట్టర్ పెట్టెలా బిగుసుకుపోతుంది. బల్లకి మెలి ఉంటే అదే మెలి షట్టర్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది.

మా పెద్ద మేస్త్రీ బల్లని ఎప్పుడూ లెవెల్ పెట్టి చూడడు. తిన్నగా ఉన్న రెండు రీపర్లు (సన్నటి కర్ర బద్దలు) తీసుకుని బల్లకి ఆ చివరొకటి, ఈ చివరొకటి అడ్డంగా నిలబెడతాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, ఇవతలి రీపర్ పై అంచు మీదుగా అవతలిదాన్ని చూస్తాడు. రెండు అంచులూ ఒకదాని వెనక ఒకటి సమంగా కనబడాలి. ఓ పక్క కాస్త ఎక్కువ కనబడినా బల్ల కాలి కింద చెక్కముక్క దూరుస్తాడు. రెండు నిమిషాల పని, కానీ నేను చూసిన చాలా సైట్లలో ఫ్రేమ్ నేల మీదే బిగిస్తారు. టైల్స్ నేల తిన్నగా ఉంటుందన్నది ఉత్త భ్రమ.

ఇప్పుడు నేనెలా చేస్తానో చెబుతాను. బయట టేకు వెనీర్ వేస్తే లోపలా వెనీరే వేస్తాను. టేకే అక్కర్లేదు, చవకరకం చాలు. కానీ మందం అదే ఉండాలి, గ్రెయిన్ దిశ అదే ఉండాలి, జిగురు అదే ఉండాలి, రెండూ ఒకే విడతలో ప్రెస్‌లోకి వెళ్లాలి. ముందువైపు ఈ రోజు, వెనకవైపు రేపు అంటే సగం వంపు రాత్రికే వచ్చేస్తుంది. పాలిష్ కూడా అంతే, బయట ఎన్ని కోట్లో లోపలా అన్నే. కస్టమర్లు ఇక్కడే బేరమాడతారు, ఒప్పుకోకండి. లోపల లామినేటే కావాలని పట్టుబడితే బయటా లామినేటే వేయమంటాను.

నిలువు కర్రని ఒకే ముక్కగా వాడను. మధ్యకి చీల్చి, ఒక సగాన్ని తిప్పి మళ్లీ అతికిస్తాను, అప్పుడు ఒకటి వంగే వైపుకి రెండోది వంగదు. అడ్డ పట్టీల మధ్య 4 అంగుళాలకి మించి ఖాళీ వదలను. దూరమైతే ప్రెస్‌లో ప్లై లోపలికి దిగి, పాలిష్ అయ్యాక పక్క నుంచి వెలుతురు పడ్డప్పుడు పట్టీలన్నీ పక్కటెముకల్లా తేలతాయి. ప్రతి అడ్డ పట్టీకీ గాలి ఆడేలా చిన్న రంధ్రం, కింద అంచులో రెండు రంధ్రాలు పెడతాను. ఓసారి మా కుర్రాడు ఆ కింది రంధ్రాల మీద చక్కగా ఎడ్జ్ బ్యాండ్ (అంచు పట్టీ) అతికించేశాడు!

ప్రెస్ నుంచి తీశాక షట్టర్‌ని నేల మీద గానీ గోడకి గానీ ఆనించకండి. రెండు వైపులా గాలి తగిలేలా కింద మూడు రీపర్లు వేసి పేర్చండి.

వంగిన వాటి సంగతి. నీళ్లు తడిపి ఎండలో పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. తిన్నగా వస్తుంది కూడా, కానీ కొన్నాళ్లకి మళ్లీ మొదటికే. అడ్డంగా దొప్ప అయితే లోపలి లామినేట్ ఊడదీసి వెనీర్ వేయించండి. నేను ఆ ఆరింటికీ వెనకవైపు గీకించి అలాగే చేశాను. నాలుగు దారికొచ్చాయి, రెండు కొత్తవి నా ఖర్చుతోనే చేసిచ్చాను. అందుకే మీరూ ముందు ఒక్క షట్టర్ చేయించి, అదే గదిలో పదిహేను రోజులు ఉంచి, తర్వాత మిగతావి ముట్టుకోండి. నిలువు వంపుకైతే ఫిటింగ్స్ షాపుల్లో డోర్ స్ట్రెయిట్‌నర్ అడగండి. వెనక గాడి తీసి బిగించి స్క్రూ తిప్పితే లాగుతుంది. కాకపోతే ఖాళీ షట్టర్‌లో గాడి నిలువు కర్ర మీదే పడాలి, వట్టి ప్లై మీద పడితే పట్టు దొరకదు.

ఏదైనా చేసే ముందు అంచుల వెంట ఒక మూల నుంచి పక్క మూలకి దారం బిగించి, నిలువునా ఎంత, అడ్డంగా ఎంత ఖాళీ వస్తోందో కొలిచి ఇక్కడే రాయండి. 3 ఎంఎం లోపైతే ముట్టుకోవద్దు, హింజ్ స్క్రూలు తిప్పి సర్దేయొచ్చు.