‘కథ ఎలా ఉంది?’ అని పిల్లలను అడగకండి

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లల కోసం రాసిన కథ చదివి వినిపిస్తే అందరూ ‘బాగుంది’ అనే అంటున్నారని, వారి అసలు అభిప్రాయం ఎలా తెలుసుకోవాలని మీరు అడిగారు. నా మొదటి పుస్తకం రాస్తున్నప్పుడు నాకూ ఇదే ఎదురైంది. పెద్దవారి మనసు నొప్పించకూడదని పిల్లలకు మనమే నేర్పుతాం కాబట్టి ‘కథ ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకు వేరే జవాబు రాదు. మన ఇంటి పిల్లలైతే మరీను.

విశాఖపట్నంలో జాలరిపేట దగ్గరున్న ఒక ప్రాథమిక పాఠశాలలో, ప్రధానోపాధ్యాయురాలి అనుమతితో, నాలుగో తరగతి పిల్లలకు సముద్రపు తాబేలు కథ వినిపించాను. తల్లి తాబేలు గుడ్ల పక్కనే కాపలా ఉండి, పిల్లలు బయటికి రాగానే వెంటబెట్టుకుని నీళ్లలోకి తీసుకెళ్లినట్టు రాశాను. అంతవరకు కిటికీలోంచి బయటికి చూస్తున్న ఒక అబ్బాయి, ‘తల్లి ఉండదు మేడమ్, ఇసక కప్పేసి ఎల్లిపోతాది’ అన్నాడు. వాడు చెప్పిందే నిజం. మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు ఒక గుంతలో సుమారు 100 గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెంటనే సముద్రంలోకి వెళ్లిపోతుంది; 45 నుంచి 60 రోజుల తరువాత పిల్లలు తమంతట తామే పైకి వచ్చి, వెలుతురు కనిపించే నీటి వైపు నడుస్తాయి. ఆ ఒక్క మాటతో నా కథ ముగింపు మొత్తం మారింది, మారినందుకు ఇప్పటికీ సంతోషిస్తున్నాను.

ఆ తరువాత చదివే పని టీచరుకు అప్పగించి, నేను కథ ప్రతి పట్టుకుని వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. పిల్లలు పక్కవాడి పెన్సిలు లాక్కున్న చోట, కిటికీ వైపు తల తిప్పిన చోట, ‘తరవాత?’ అని ముందుకు వంగిన చోట ఆ వాక్యం పక్కనే గుర్తు పెట్టుకున్నాను. వారం ఆగి కథను తిరిగి చెప్పమంటే, నేను ఎంతో ఇష్టపడి రాసిన సూర్యోదయ వర్ణన ఒక్కరికీ గుర్తులేదు. తాబేలు వెనక కాళ్లతో ఇసుక కప్పే తీరును మాత్రం ఒక పాప బెంచీ మీద రెండు చేతులతో చేసి చూపించింది. వర్ణన తీసేశాను.

ఒక్కొక్కరి చేత బయటికి చదివించడం కూడా అవసరం. ‘ప్రస్ఫుటంగా’ అన్న మాట దగ్గర ముగ్గురు ఆగిపోయారు. నేను ‘నౌక’ అని రాసిన చోట ఒక పాప, ‘తెప్పా, ఇంజను బోటా?’ అని అడిగింది. చేపల వేటకు వెళ్లేవారి ఇళ్ల పిల్లలకు అది చాలా పెద్ద తేడా.

ఒకసారికి ఐదారుగురు చాలు, ఎక్కువమంది ఉంటే మొదట మాట్లాడిన వారి అభిప్రాయమే అందరిదీ అవుతుంది. బొమ్మలు లేని కాగితాల మీదే చదివించండి, ఎందుకంటే మంచి బొమ్మ కథలోని లోపాన్ని కప్పేస్తుంది. పైగా పుస్తకం సాధారణంగా 16 పేజీల ఫారాల (ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితాల) లెక్కన అచ్చవుతుంది కాబట్టి, బొమ్మలు వేయించాక కథను పెంచినా తగ్గించినా ఖర్చు మీద పడుతుంది. ఇక ఏం మార్చాలో పిల్లలనే చెప్పమనవద్దు. తాబేలుకు సెల్‌ఫోన్ ఇవ్వమని ఆ తరగతి పిల్లల్లో నలుగురు అడిగారు. వారు ఎక్కడ ఆగారో చూసి, ఎందుకు ఆగారో మీరే వెతుక్కోండి.