హేస్టింగ్స్‌లో మనవాళ్లకు పడుతుందా? నాలుగేళ్లు ఉన్నదాన్ని చెబుతున్నా

ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్‌లో నర్సు ఉద్యోగం వచ్చిందనీ, ఊరు ఎలా ఉంటుందో చెప్పమనీ అడిగారు. నేనూ నర్సునే. విశాఖ జాలరిపేటకు కూతవేటు దూరంలో పెరిగాను కాబట్టి సముద్రం ఊళ్ల సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకుంటూ దిగాను. మొదటి సాయంత్రమే చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లవైపు నడిచాను. ఇసుకేదీ? కోడిగుడ్డంతేసి గులకరాళ్లు! పదడుగులు వేసి కుంటుకుంటూ వెనక్కొచ్చాను. సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు మాత్రం దిగువన కాస్త ఇసుక బయటపడుతుంది.

ఊరిపేరు వినగానే అందరికీ నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచిన 1066 నాటి యుద్ధం గుర్తొస్తుంది. అది జరిగింది ఇక్కడ కాదు, పది కిలోమీటర్లు లోపలికెళ్తే వచ్చే బాటిల్ అనే ఊళ్లో. పియర్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన పొడవాటి వంతెనలాంటిది, చూడమని కూడా చెబుతారు. 2010లో తగలబడింది, 2016లో మళ్లీ తెరిచారు, మరుసటేడు దానికి భవన నిర్మాణాలకిచ్చే స్టెర్లింగ్ బహుమతి వచ్చింది. నాకైతే గాలికి వదిలేసిన పెద్ద చెక్కల మైదానంలా కనిపించింది.

అసలు ఊరు తూర్పు చివర ఉంది, ఓల్డ్ టౌన్. అక్కడి జాలర్లకు రేవు లేదు. వేట నుంచి వచ్చిన పడవను ఇనుప తాడు కట్టి, వించ్ అనే తాడు చుట్టే యంత్రంతో గులకరాళ్ల మీదికి లాగుతారు. మళ్లీ నీళ్లలోకి తోసేది బుల్డోజర్. మా పేటలో పదిమంది భుజాలు పెట్టి "హైలెస్సా" అంటూ చేసే పనే ఇది, పాట లేదంతే. ఆ పక్కనే తారు పూసిన నల్లటి చెక్క గదులు, కాళ్లు దగ్గరకు పెట్టుకుని నిలబడ్డ మనుషుల్లా, రెండు మూడంతస్తుల ఎత్తున వరసగా ఉంటాయి. వాటిని నెట్ షాపులంటారు. ఏమైనా అమ్ముతారేమోనని నేనొక తలుపు కొట్టాను కూడా! తడికి కుళ్లిపోకుండా వలలూ తాళ్లూ దాచుకునే గదులట. ఒడ్డున చోటు చాలక పైకి కట్టుకుంటూ పోయారు.

ఆ జాలర్లదే వింకిల్ క్లబ్ అని ఒకటుంది, 1900లో పెట్టుకున్నారు. సభ్యులు వింకిల్ అనే చిన్న సముద్రపు నత్తగుల్లను ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి. ఎవరైనా "వింకిల్ అప్!" అన్నారా, తీసి చూపించాలి, లేకపోతే జరిమానా. ఆ డబ్బు మంచిపనులకు వాడతారు. చర్చిల్ కూడా ఇందులో సభ్యుడే. ముఖం ముడుచుకుని ఉండే ఆ ముసలాళ్లు ఇలాంటి ఆటలు ఎంత గంభీరంగా ఆడతారో!

మే నెల మొదట్లో జాక్ ఇన్ ద గ్రీన్ పండుగ వస్తుంది. ఒక మనిషిని నిలువెల్లా ఆకులతో కప్పి, డప్పులతో ఊరేగించి, చివరికి వెస్ట్ హిల్ మీద "చంపుతారు". అప్పుడు గానీ వేసవి రాదని. జనం ఎగబడి ఆ ఆకులు తెచ్చుకుంటారు. ఆరోజు మంచి చీర కట్టుకుని వెళ్లకండి. ఒంటినిండా ఆకుపచ్చ రంగు పూసుకున్నవాళ్లు దారినపోయేవారి ముక్కులకూ పూస్తారు. నాకూ పూశారు.

ఇక కష్టాలు. నేను దిగిన అద్దెగదిలో గోడలు చెమ్మకు నల్లబడేవి, ఇంటాయన "కిటికీ తీసి పెట్టమ్మా" అనడం తప్ప ఏమీ చేయలేదు. చలికాలంలో చూడకుండా ఇల్లు ఖాయం చేసుకోకండి. లండన్ నుంచి వచ్చి ఇళ్లు కొనేవాళ్లను 'డీఎఫ్ఎల్'లు, అంటే 'డౌన్ ఫ్రమ్ లండన్' బాపతు అని వెక్కిరిస్తారు. అద్దెలు పెరిగాయన్న కోపం వాళ్లమీదే. సముద్రపు గాలికి గొడుగు తిరగబడుతుంది, కొనడం దండగ. సీగల్స్ మన కాకుల్లాంటివి కావు, చేతిలో చిప్స్ పొట్లాం ఉంటే వెనకనుంచి వచ్చి తన్నుకుపోతాయి.

డిసెంబరు చివర ఊరు మూగబోయినట్టుంటుంది. అప్పుడే చదరంగం పోటీలు మొదలవుతాయి. 2001-02లో మన గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ, 15 ఏళ్లకే, ఇక్కడ మరో ఇద్దరితో కలిసి మొదటి స్థానం పంచుకున్నాడు. ఈ మాట చెబితే వార్డులో ఒక పెద్దాయన ఇంజెక్షన్ నొప్పి మర్చిపోయి గంటసేపు ఎత్తుల గురించి మాట్లాడాడు.

మొదటి జీతం రాగానే పొద్దున్నే రాక్-ఎ-నోర్ వీధికి వెళ్లి మాకెరెల్ కొనండి. మన కానాగంతలకు చుట్టమే. వాళ్లు తల కోసి పారేయబోతే ఆపండి, పులుసుకు అదే రుచి. చింతపండు మాత్రం మన ఊరినుంచే కేజీ పట్టుకెళ్లండి.