పెరట్లో కోళ్లు పెంచితే పట్టుకెళ్లిపోతారా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం, సొంతిల్లు. మా అత్తగారు పెరట్లో ఎనిమిది నాటు పెట్టల్ని, ఒక పుంజును పెంచుతున్నారు. గుడ్లు ఇంట్లోకే, అమ్మేది లేదు. పుంజు మూడింటికే కూస్తోందని, పెంట కంపు కొడుతోందని పక్కింటివారు గొడవ చేస్తున్నారు. కార్పొరేషన్ నుంచి వచ్చామంటూ ఇద్దరు వచ్చి, వారంలో తీసేయకపోతే పట్టుకెళతామని నోటిమాటగా చెప్పి వెళ్లారు. వచ్చే నెల ఊరి నుంచి చూడి గేదెను కూడా తెచ్చుకుందామనుకున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండమ్మా. ఇంటి అవసరానికి నాలుగు కోళ్లు పెంచుకోవడం నేరం కాదు. వాటివల్ల చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది కలిగినప్పుడే చట్టం గడప తొక్కుతుంది. వీధి వీధంతా ఇబ్బంది పడుతుంటే అది భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 270వ సెక్షన్ కింద పబ్లిక్ న్యూసెన్స్, అంటే నలుగురికీ ఇబ్బంది కలిగించే పని. 292 కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ కూడా భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152 కింద తొలగించమని ఆదేశించగలరు. అయితే మీ వాదన వినకుండా దాన్ని ఖాయం చేయరు. ఇబ్బంది ఒక్క పక్కింటికే అయితే వాళ్లు సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) అడగాలి.

పారిశుద్ధ్యం విషయంలో కార్పొరేషన్‌కు అధికారం ఉంది, కాదనను. కానీ నోటిమాట ఉత్తర్వు కాదు. మళ్లీ వస్తే గొడవ పడకుండా, కారణం, గడువు రాసిన నోటీసు ఇవ్వమనండి. దానికి లిఖితపూర్వకంగా జవాబిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

ఇక ఉన్నమాట చెబుతాను. పుంజు విషయంలో పక్కింటివారి వైపు న్యాయం ఉంది. రోజూ మూడింటికి నిద్ర చెడితే ఎవరికైనా కష్టమే. గుడ్లు పెట్టడానికి పెట్టలకు పుంజు అక్కర్లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. దాన్ని ఊరికి పంపేయండి, సగం తగాదా అక్కడే తీరుతుంది. సంక్రాంతికి బరి కోసం ఎవరైనా అడిగితే మాత్రం ఇవ్వకండి. కోడిపందెం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. గూటి కింద ఊక పోసి, రోజూ పెంట ఎత్తి మొక్కలకు వాడండి. సైడు కాలవలో మాత్రం వేయొద్దు. శుభ్రంగా ఉన్న గూటిని తేదీ పడేలా ఫొటోలు తీసి ఉంచుకోండి, రేపు అవే మీ సాక్ష్యం.

2025 ఫిబ్రవరిలో తణుకు వైపు బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు ఎలా పోయాయో చూశాం. మీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోతే గుట్టుగా పారేయకుండా పశువైద్యశాలకు చెప్పండి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం అది యజమాని బాధ్యత.

గేదె మాత్రం వద్దు. పేడ, కుడితి, దోమలు ఇరుకు పెరట్లో దాచలేరు. పాలు అమ్మితే ఆహార భద్రతా చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. రోడ్డెక్కితే 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం కింద బందెలదొడ్డికి తోలొచ్చు. అజాగ్రత్తగా వదిలినందువల్ల మనుషులకు ప్రమాదం ఏర్పడితే న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు.

పక్కింటివారు రాజీకి రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. కేసు దాకా వెళ్లినా, మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. అర్జీ అత్తగారి పేరుతోనే రాయండి.