తమ్ముడి వేటకు స్టీలు గుళ్లా, సీసపు గుళ్లా?

ప్రశ్న: మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తూ ఈ ఏడాది వేట లైసెన్సు తీసుకున్నాడు. షాపులో సీసపు తూటాలు వద్దన్నారట, తోడు వెళ్లే పెద్దాయనేమో స్టీలు గుళ్లకు పిట్ట పడదంటాడట, ఆయనది పాత డబుల్ బ్యారెల్. ఎవరి మాట వినాలి? ఆ మాంసం పిల్లలకు పెట్టొచ్చా? మన చిలికా సరస్సులోనూ స్టీలు వాడితే తప్పు లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: షాపు మాటే వినాలమ్మా. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి కుందేలైనా కౌజు పిట్టయినా తుపాకీతో వేటాడాలంటే సీసం లేని తూటాలే వాడాలని చట్టం. బాతుల వేటకైతే అమెరికా అంతటా 1991 నుంచే సీసం నిషేధం.

ఎందుకంటే పళ్లు లేని పిట్టలు గింజలు నూరుకోవడానికి చిన్న రాళ్లు ఏరి మింగుతాయి, చెరువు అడుగున పడి ఉన్న సీసపు గుండును కూడా రాయే అనుకుంటాయి. కందనకాయలో అది రాళ్లతో పాటు నలుగుతూ, అక్కడి ఆమ్లానికి కరుగుతూ రక్తంలోకి ఎక్కుతుంది. ఇక రెక్కలు వాలిపోతాయి, తిండి కిందికి దిగదు, పిట్ట రోజుల తరబడి చిక్కి చిక్కి చస్తుంది. బాతుల వేటకు వాడే ఒక్క తూటాలోనే వందకు పైగా గుళ్లుంటాయి, గురి తప్పితే అన్నీ నీళ్లలోకే. వేటగాడు ఇల్లు చేరాక కూడా అవి చంపుతూనే ఉంటాయి, ఇంత అన్యాయం నేను సహించలేను.

పెద్దాయన మాటలో కొంత నిజముంది. ఉక్కు సీసం కన్నా తేలిక, వేగం త్వరగా తగ్గిపోతుంది. అందుకే సీసంలో 4వ నంబరు వాడేవాళ్లు స్టీలులో 2వ నంబరు తీసుకోవాలి (నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది), పిట్ట బాగా దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. దూరం నుంచి కాలిస్తే గాయపడి ఎగిరిపోతుంది, అది ఇంకా పాపం. అయితే ఉక్కు గట్టిది, పాత తుపాకీ గొట్టం మూతి దగ్గర ఉబ్బిపోవచ్చు, కాబట్టి తుపాకులు బాగుచేసేవాళ్లకు చూపించకుండా కాల్చొద్దనండి. బిస్మత్ అనే లోహంతో చేసిన గుళ్లు మెత్తన, పాతవాటికి అవే నయం, ధర మాత్రం ఎక్కువ.

సీసంతో కొట్టిన మాంసం పిల్లలకూ గర్భిణులకూ అసలు పెట్టొద్దు. గుళ్లు ఏరేసినా కంటికి కనపడని రవ్వలు మాంసంలో మిగులుతాయి, పిల్లల ఒంట్లో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదనే లెక్కే లేదు. స్టీలుతో ఆ టెన్షన్ లేదు, పళ్ల కింద పడకుండా చూసుకుంటే చాలు.

ఇక చిలికా సంగతి. ఇక్కడ గుళ్లు ఏవన్నది ప్రశ్నే కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద పిట్టల వేట నేరం, 1991 సవరణతో వేట లైసెన్సులూ పోయాయి. చలికాలంలో సూదితోక బాతులు అంత దూరం నుంచి ఎగిరొచ్చేది మన కూరకోసం కాదు. ఎవరైనా గుమ్మంలోకొచ్చి నీటిపిట్టల మాంసం అమ్మజూపితే కొనకండి, కొనడమూ నేరమే, వెంటనే అటవీశాఖకు చెప్పండి.